లేచినప్పుడల్లా

నాన్న చేతికి పదకోశం పని వచ్చిన రెండు వారాలకే మానిటర్ నల్లబడడం మొదలుపెట్టింది.

మామూలు పుస్తకమైతే ఇంత గొడవ అయ్యేది కాదు. అది పనిముట్ల పేర్ల పదకోశం. రిటైరైన మాష్టారొకాయన ముప్పై ఏళ్లు వడ్రంగుల దగ్గరా కమ్మరుల దగ్గరా సాలెవాళ్ల దగ్గరా కూర్చుని ఏరుకొచ్చిన మాటలు. నాన్న పాతికేళ్లు అచ్చాఫీసులో సీసపు అక్షరాలు కూర్చిన మనిషి. తర్వాత పదేళ్లు అక్కడే కంప్యూటర్ మీద పేజీలు పెట్టాడు. అచ్చాఫీసు మూతపడ్డాక ఏడాదిపాటు ఇంట్లో ఖాళీగా ఉన్నాడు. ఖాళీ అని మాటవరసకి అంటున్నాను గాని, సర్దిన అలమారలే మళ్లీ సర్దడం, అమ్మ కూర తరుగుతుంటే ముక్కలన్నీ ఒక్క కొలతలో లేవని తప్పులు పట్టడం, ఇదీ వరస. "ఈయనకి ఎవరైనా పని ఇప్పించండి, లేదంటే నాకు వేరే ఇల్లు చూపించండి" అని అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. అలాంటప్పుడు మాష్టారు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ఈ పుస్తకం మీ చేతి మీదుగా రావాలి, బళ్లు తెరిచేలోగా రావాలి అన్నారు. ఆ రోజు నాన్న రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు.

నాన్నకి కుర్చీ తెచ్చింది నేనే. నేను నీళ్ల సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల బల్ల దగ్గర పనిచేస్తాను. ఆఫీసు కొత్త భవనంలోకి మారుతూ, పాత కుర్చీలు కావలసినవాళ్లు పట్టుకెళ్లొచ్చు అంది. నాన్న చెక్కస్టూలు మీద కూర్చుని నడుము పట్టేసి మూలుగుతుంటే చూడలేక, చక్రాలున్నదీ మీట నొక్కితే పైకీ కిందకీ కదిలేదీ ఒకటి చూసి తీసుకొచ్చాను. "ఇది కుర్చీయా, సింహాసనమా" అంటూ నాన్న దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి కూర్చున్నాడు.

కూర్చున్నాడు అంటే కూర్చునే ఉన్నాడని కాదు. సీసం అక్షరాలు నిలబడి కూర్చేవాళ్లట. ఆ అలవాటు ఇంకా పోలేదు. ఒక మాటా దాని అర్థమూ కొట్టడం పూర్తవగానే లేస్తాడు, రెండడుగులు వెనక్కి వేస్తాడు, చేతులు వెనక్కి కట్టుకుని తెర మీదున్నది పైకి చదువుతాడు, మళ్లీ వచ్చి కూర్చుంటాడు. "కూర్చున్నవాడికి తప్పు కనబడదమ్మా" అంటాడు. పూటకి వందసార్లు లేస్తాడు, వందసార్లు కూర్చుంటాడు. చూసేవాళ్లకి కాళ్లు పీకుతాయి.

ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మొహం చిట్లించుకుని ఉన్నాడు.

"తెర పోతోంది" అన్నాడు.

"పోతోందంటే?"

"నల్లబడిపోతోంది. అంతలోనే వచ్చేస్తోంది. ఇవాళ మూడుసార్లు."

నేను చెప్పులు విప్పకుండానే వెళ్లి కూర్చున్నాను. గంటసేపు కదలకుండా ఆ తెర వంకే చూశాను. నిక్షేపంగా ఉంది. "ఏం లేదు నాన్నా" అన్నాను. మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే. ఆయన "ఇదిగో పోయింది" అని పిలిచేవాడు. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి తెర తెల్లగా వెలిగిపోతూ ఉండేది. నాలుగోసారి అమ్మ గుమ్మం దగ్గరే ఆగి, "ఆడలేక మద్దెల ఓడు అన్నారట" అని వెనక్కి వెళ్లిపోయింది. వేళాకోళానికే అంది. కానీ నాన్న నవ్వలేదు.

మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే కుర్రాయన ఉన్నాడు. ఏ జబ్బుకైనా అతని మొదటి మందు "ఒకసారి ఆపి చూడండి" కాబట్టి వీధంతా అతన్ని ఆపిచూడు అనే పిలుస్తుంది. అతను వచ్చాడు, ఆపి చూశాడు. తీగ ఊడబెరికి మళ్లీ బిగించాడు. ప్లగ్గు మార్చాడు. మానిటర్ని దుకాణానికి మోసుకెళ్లి మూడు రోజులు పెట్టుకున్నాడు. ఆ మూడు రోజులూ నాన్న ముందుగదిలోంచి పెరట్లోకీ, పెరట్లోంచి ముందుగదిలోకీ తిరిగిన తిరుగుడుకి గచ్చు అరిగిపోతుందేమో అనిపించింది.

"మూడు రోజులు ఆపకుండా నడిపాను బాబాయ్. రెప్ప కూడా వెయ్యలేదు, ముత్యంలా ఉంది" అంటూ ఆపిచూడు దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక గంట పక్కనే కూర్చున్నాడు కూడా. అతను ఉన్నంతసేపూ నాన్న మర్యాద కోసం కుర్చీలోంచి లేవకుండా కబుర్లు చెబుతూనే పని చేశాడు. తెర ఒక్కసారి కూడా పోలేదు.

అతను వెళ్లబోతూ అడిగాడు. "ఇంతకీ పోయేటప్పుడు మీరేం చేస్తుంటారు బాబాయ్? ఏ బటన్ నొక్కుతారు?"

"ఏదీ నొక్కను. లేస్తాను. లేవగానే నల్లబడిపోతుంది."

ఆపిచూడు నా వంక చూశాడు. అమ్మ చేతిలో గుడ్డతో బయటికొచ్చింది.

"లేవగానేనా?" అంది.

"లేవగానే."

"ఎంతసేపు ఉంటుంది అలా?"

"ఎంతసేపనీ, రెండు క్షణాలు. మళ్లీ అన్నీ కనబడతాయి."

ఆపిచూడు తీగ చుట్టి సంచిలో పెట్టుకుని, నన్ను గుమ్మం అవతలికి పిలిచి గొంతు తగ్గించాడు. "అక్కా, ఇది నా దగ్గరికి రావలసిన కేసు కాదు. మా అమ్మమ్మకీ ఇంతే. లేవగానే కళ్లు చీకట్లు కమ్మేవి. ముందు డాక్టర్‌కి చూపించండి."

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు అమ్మా నేనూ నాన్నని అప్పటికప్పుడు బయల్దేరదీశాం. నాన్న దారంతా ఒకటే మాట. "నాకు కాదర్రా, దానికి." డాక్టర్ కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశాడు. రెండింటికీ పెద్ద తేడా లేదు.

"లేవగానే చీకట్లు కమ్ముతున్నాయా?" అని అడిగాడు.

"నా కళ్లకి కాదు డాక్టరుగారూ. తెరకి."

డాక్టర్ తలూపి, ఆయనకి కాకుండా నాకు చెప్పాడు. "ఒప్పుకోరండీ. ఈ వయసులో చాలామంది ఒప్పుకోరు."

నాన్న అక్కడే ఉన్నాడు, చొక్కా చెయ్యి కిందకి దించుకుంటూ. నేను కూడా డాక్టర్‌తో పాటు తలూపాను. మా ఆఫీసులో ఒక ముద్ర ఉంటుంది. ఎవరో నీళ్లు మురికిగా వస్తున్నాయని రాస్తారు. మావాళ్లు వెళ్లి కొళాయి తిప్పుతారు. ఆ నిమిషానికి శుభ్రంగా వస్తే ఆ కాగితం మీద "పరిశీలించగా లోపం కనబడలేదు" అని ముద్ర కొట్టి పక్కన పడేస్తాం. పదకొండేళ్లుగా కొడుతున్నాను. నాన్న ఫిర్యాదు మీద కూడా అదే కొట్టేశానని అప్పట్లో నాకు తట్టలేదు.

మాత్రలు మొదలయ్యాయి. మెల్లగా లేవాలి, సైకిల్ తొక్కకూడదు. సైకిల్ తాళం నా హ్యాండ్‌బ్యాగ్‌లోకి చేరింది. నాన్న స్నానానికి వెళితే అమ్మ తలుపు బయట నిలబడేది. కుర్చీలోంచి లేస్తే "మెల్లగా, మెల్లగా" అని వంటింట్లోంచే కేకేసేది. "ఏమిటే, నేనేమైనా గుడ్లబుట్టనా" అని ఆయన విసుక్కునేవాడు. అయినా నల్లబడడం మానలేదు. మెల్లగా లేచినా పోయింది, గభాలున లేచినా పోయింది. ఆ మాట చెప్పినప్పుడల్లా అమ్మ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. నాకు మాత్రం కుదురు లేకుండా పోయింది. ఆఫీసులో కూర్చుని రోజుకి నాలుగుసార్లు ఇంటికి ఫోన్ చేసేదాన్ని. పడిపోయాడేమో, బల్ల అంచు తలకి తగిలిందేమో అని ఊహలు. పదకోశం ఒత్తిడి వల్లే ఇదంతా అని నాకు నేనే తేల్చుకున్నాను. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ బయటికెళ్లి మాష్టారికి ఫోన్ చేశాను.

"నాన్నకి లేచినప్పుడల్లా కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి మాష్టారూ. ఆయన తనంతట తాను చెప్పరు. కొంత భారం తగ్గిస్తే బాగుంటుంది. నేను చెప్పానని మాత్రం అనకండి."

మంచి మనిషి. రెండో రోజే వచ్చారు. పళ్లు తెచ్చారు, రోగిని చూడవచ్చినట్టు. నాన్న ఎదురెళ్లి కూర్చోబెట్టాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక మాష్టారు పైపంచె సర్దుకుంటూ, 'ప' నుంచి చివరిదాకా ఇంకొకరికి ఇద్దామనుకుంటున్నానండీ, త్వరగా అవుతుంది కదా అన్నారు.

నాన్న నా వంక చూడలేదు. లేచి, అలమారలోంచి కాగితాల కట్టలు తీశాడు. 'ప' దగ్గర విడదీసి, అంచులు బల్ల మీద తట్టి సమంగా చేసి, తాడు కట్టి చేతికిచ్చాడు. "పలుగుకి సంబంధించిన మాటలు రెండుచోట్ల పడ్డాయి, చూసుకోమనండి" అన్నాడు. అంతే. మాష్టారు వెళ్లాక ఆ పళ్లని ఆయన ముట్టుకోలేదు. అమ్మ, నేనూ కూడా ముట్టుకోలేక పక్కింటికి ఇచ్చేశాం.

ఆ మర్నాటి నుంచి తెర బాగైపోయింది.

"ఇవాళ పోయిందా నాన్నా?"

"లేదమ్మా. బాగానే ఉంది."

రోజూ అదే జవాబు. అమ్మ మాత్రల సీసాని కళ్లకద్దుకుంది. "చెప్తే విన్నారు కాదు, చూశారా, మందు పడగానే ఎలా కుదిరిందో" అంది. నాన్న ఊకొట్టాడు. పొద్దున్న మాత్రకి తానే చెయ్యి చాచేవాడు. కూర ముక్కల కొలత గురించి మాట్లాడడం మానేశాడు. అన్నం వద్దన్నా కాదు, కావాలన్నా కాదు, వడ్డించింది తినేవాడు. ఇల్లు ప్రశాంతంగా ఉంది అనుకోవాలి గాని, ఆ ప్రశాంతతలో నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు. రాత్రి పడుకోబోయే ముందు రెండుసార్లు లేచి గడియ వేశానో లేదో చూసేదాన్ని. ఏదో సరిగ్గా లేదని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు.

బళ్లు తెరవడానికి పది రోజులుందనగా ఒక శనివారం మా ఆఫీసు మధ్యాహ్నానికే మూసేశారు. ఇంటికొచ్చాను. ముందు తలుపు గడియ పెట్టి ఉంటే పెరటివైపు నుంచి లోపలికొచ్చాను. అమ్మ కునుకు తీస్తోంది. ముందుగదిలో నాన్న వీపు నావైపుంది. ఏదో మాట కొట్టడం పూర్తి చేశాడు. కుర్చీ చేతులు పట్టుకుని, మేం చెప్పినట్టే, మెల్లగా లేచాడు.

తెర నల్లబడింది.

నా కళ్లతో నేను చూశాను. పలకలాగా నల్లగా అయిపోయింది. నాన్న పిలవలేదు. రెండడుగులు వెనక్కి వేశాడు, చేతులు కట్టుకోలేదు. కుడిచేతి వేలు పక్కనున్న రాతప్రతి మీద ఒక మాట దగ్గర పెట్టి, దాని వంకే వంగి చూస్తూ నిలబడ్డాడు. తెర వచ్చింది. తల ఎత్తి చదువుకుని మళ్లీ కూర్చున్నాడు.

నేను గుమ్మం దగ్గరే ఉండి, "ఇప్పుడు పోయిందా నాన్నా?" అని అడిగాను.

ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. "లేదే. బాగానే ఉంది" అన్నాడు.

"కాస్త జరుగు, నేను కూర్చుంటాను" అన్నాను. కూర్చున్నాను, లేచాను. ఏమీ కాలేదు. మళ్లీ కూర్చున్నాను, మళ్లీ లేచాను. మా అమ్మ లేచొచ్చి, "ఏమిటే ఆ గుంజీలు" అంది. ఎనిమిదోసారో తొమ్మిదోసారో లేచినప్పుడు కుర్చీ నా కింద చిన్నగా పైకి తన్నింది, తెర చటుక్కున ఆరిపోయింది. అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత అమ్మ కూర్చుంది. మూడోసారికే పోయింది. చెక్కస్టూలు తెచ్చి వేసి, దాని మీంచి ముప్పైసార్లు లేచాను. పోలేదు.

చంకలో పిల్లని పెట్టుకుని సంతంతా వెతికినట్టు అయింది మా పని. ఆపిచూడుని పిలిస్తే ముందు నవ్వాడు. తర్వాత తనూ కూర్చుని లేచి, రెండుసార్లు తెర పోవడం చూసి నవ్వడం మానేశాడు. సాయంత్రానికి ఎక్కడో చదువుకొచ్చి చెప్పాడు. ఇలాంటి కుర్చీల కింద గొట్టంలో ఒక కడ్డీ ఉంటుందట. మనిషి బరువు తీసెయ్యగానే అది పైకి తంతుందట. ఉన్నిబట్ట విప్పేటప్పుడు చిటపటమంటుంది చూడండి, అలాంటిదే కంటికి కనబడనిది ఒకటి అక్కడ పుడుతుందట. మానిటర్ తీగ పల్చనిదైతే దానికి బెదిరిపోతుందట. "దుకాణంలో నేను ఒంటరిగా నడిపితే ఎందుకు పోతుంది? దాని ముందు లేచినవాడెవడు?" అన్నాడు. మందమైన తీగ తెస్తానని చెప్పి, వెళ్లేటప్పుడు నాన్న ముందు ఆగి, "మీరు మొదటి రోజే చెప్పారు బాబాయ్, లేవగానే అని. నేనే తిరగేసి విన్నాను" అన్నాడు. మాలో ఆ మాట అన్న మొదటి మనిషి అతనే.

అమ్మ నవ్వుతోంది, ఏడుస్తోంది, మాత్రల సీసాని ఎక్కడ విసిరెయ్యాలో తెలియక చేతిలో పట్టుకుని తిరుగుతోంది. నాన్న గదిలో లేడు. పెరట్లో కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"నాన్నా, మాష్టారికి ఫోన్ చేసింది నేను."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"వచ్చి కూర్చోగానే, నువ్వు మంచినీళ్లకి లోపలికెళ్లినప్పుడు, లేచేటప్పుడు ఇప్పుడెలా ఉంటోందండీ అని అడిగాడు. లేవడం సంగతి ఆయన దాకా మోసేది ఈ ఇంట్లోవాళ్లు కాక ఎవరు?"

"మరి నన్నెందుకు అడగలేదు?"

"నువ్వే చెప్తావేమోనని చూశాను."

నాకు చెప్పుతో కొట్టినట్టు అయింది. నాలుగు వారాలు చూశాడు ఆయన. రోజూ నేను ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే, ఇవాళైనా చెప్తానేమోనని చూసి ఉంటాడు. నేను అడిగిందేమో, పోయిందా అని.

"అయినా తెర పోతూనే ఉందని చెప్పొచ్చు కదా. బాగానే ఉంది, బాగానే ఉంది అంటూ వచ్చావు" అన్నాను.

నాన్న కొళాయి కట్టేశాడు. "మీరు నమ్మక కోప్పడి ఉంటే నేనూ పోట్లాడేవాణ్ణి తల్లీ. మీరు జాలిపడ్డారు. జాలితో ఎలా పోట్లాడాలో నాకు తెలీదు" అన్నాడు. చేతులు తుడుచుకోవడానికి తువ్వాలు కోసం చూసి, లేకపోతే పంచెకే తుడుచుకున్నాడు. "చివరికి నాకే అనుమానం వచ్చింది. నల్లబడితే, దానికా, నాకా అని. అందుకే పక్కన కాగితం పెట్టుకున్నాను. అది పోగానే కాగితం వంక చూసేవాణ్ణి. అక్షరాలు కనబడేవి. అయితే నేను కాదులే అనుకునేవాణ్ణి."

నేను ఆయన తడి చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆయన వద్దనలేదు, ఊరుకోమని కూడా అనలేదు. కాసేపటికి, "సైకిల్ తాళం నీ దగ్గరుందిగా, ఇలా ఇవ్వు" అన్నాడు.

"ఎక్కడికి?"

"మాష్టారింటికి. ఆ రెండోవాడు ఎంతవరకు చేశాడో కనుక్కోవాలి. మిగిలింది తెచ్చుకుంటాను."

"నేను ఫోన్ చేసి చెప్తాను నాన్నా, తప్పు నాదే అని."

"వద్దు" అన్నాడు. కోపంగా అనలేదు. "ఈసారి నా సంగతి నేనే చెప్పుకుంటాను."

తాళం తెచ్చిచ్చాను. ఏడు వారాలుగా గోడకి ఆనించి ఉన్న సైకిల్ చక్రాల్లో గాలి లేదు. నాన్న వంగి పంపుతో కొట్టుకున్నాడు. సాయం చేస్తానని నేను అనలేదు. గేటు తీసి ఎక్కాడు. అమ్మ వాకిట్లోకొచ్చి "మెల్లగా" అనబోయింది. నేను అమ్మ చెయ్యి నొక్కాను. అమ్మ ఆ మాట మింగేసింది. సైకిల్ ముందు కాస్త అటూ ఇటూ ఊగి, వీధి మధ్యకి వెళ్లేసరికి నిలదొక్కుకుంది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తాడేమోనని మేమిద్దరం మలుపు దాకా చూస్తూ నిలబడ్డాం.